మడతపెట్టిన నీడ

తెల్లవారగానే గురుప్రసాద్ చేసే మొదటి పని వెలుతురుని వెతకడం. దోహాలో, అబూ హమూర్‌లోని ఆ చిన్న ఇంట్లో ఏ కిటికీ అంచున ఎండ దూరుతోందో చూసి, అక్కడ నల్ల టేపు అతికించి, తెర మీద తెర లాగి, ఆ తర్వాతే కాఫీకి పాలు పొయ్యి మీద పెడతాడు. వృత్తి క్వాంటిటీ సర్వేయరు. ఎంత గోడకి ఎంత సిమెంటు పడుతుందో కంటితో చూసి చెప్పే మనిషి, సూదిమొనంత వెలుగుని మాత్రం వదులుతాడా?

అతని భార్య ఇంద్రజకి ఎండ పడదు. లోకంలో కొందరికి వంకాయ పడదు, కొందరికి అత్తగారు పడరు, ఆమెకి ఎండ పడదు. కాస్త తగిలితే చాలు, మొహం ఎర్రగా పొంగి, కీళ్ళు బిగుసుకుపోయి, జ్వరంతో మంచం ఎక్కాల్సిందే. లూపస్ అన్నారు డాక్టర్లు. ఒంటికి కాపలా కాయాల్సినదే ఒంటి మీద తిరగబడే జబ్బట. ఖతార్‌లో ఉంటూ ఎండ పడదంటే నవ్విపోతారు గానీ, సొంతూరు ముమ్మిడివరం తిరిగి వెళ్ళినా అక్కడా ఉన్నది ఆ సూర్యుడే కదా.

ఒకప్పుడు ఆమె ఇక్కడి ఇండియన్ స్కూల్లో జాగ్రఫీ టీచరు. బస్సెక్కించి పిల్లల్ని ఇసుక దిబ్బల్లోనూ ఒడ్డున రాళ్ళల్లోనూ తిప్పేది. "పుస్తకంలో చూస్తే పాసవుతారు, కాళ్ళతో చూస్తే తెలుస్తుంది" అనేది. అలాంటి మనిషి తొమ్మిదేళ్ళుగా పగటిపూట గడప దాటలేదు. మందులు వేసుకుంటూనే ఉంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆ జబ్బూ ఆ మందులూ కలిసి చివరికి కిడ్నీల దాకా వచ్చాయి. డాక్టరు ఆమె ముందు డయాలసిస్ గురించి చెప్పి, గురుప్రసాద్‌ని తలుపు దాకా తీసుకొచ్చి మిగతాది చెప్పాడు. మిగతాదంటే, అది కూడా కొన్నాళ్ళకే అని.

ఇంటికొచ్చాక ఇంద్రజ అడిగింది. "తలుపు దగ్గర మీ మొహం చూశాను. నాకేం చెప్పక్కర్లేదు గానీ, ఒక్కటి చేస్తారా? ఒక్కసారి పగటిపూట సముద్రం చూపించండి."

"చీకటి పడ్డాక కార్నిష్ ఒడ్డుకి వెళ్తూనే ఉన్నాంగా."

"చీకట్లో సముద్రం నల్లగా ఉంటుందండీ. అది చూసినట్టు కాదు."

అలా వచ్చింది నడిచే ఇల్లు ఆలోచన. మంచం, పొయ్యి, స్నానాల గది, ఏసీ అన్నీ ఉన్న క్యారవాన్ బండి ఒకటి గురుప్రసాద్ అద్దెకి తీసుకున్నాడు. అద్దాలన్నిటికీ నల్ల కాగితం అతికించాడు, ముందు అద్దానికీ అతికించేవాడే గానీ డ్రైవరు ఒప్పుకోలేదు. డ్రైవరు ఉబైద్ కోరుట్లవాడు. చిన్నప్పటినుంచీ గల్ఫులోనే బండ్లు తోలుతున్నాడు. తెలుగు, ఉర్దూ, అరబ్బీ మూడూ ఒకే వాక్యంలో ఇరికించగలడు.

"రోడ్డు కనవడకుండ నడపమంటే ఎట్ల సార్? అల్లా మీద భారమేసి పోవుడేనా?" అన్నాడు.

వెనక గదికి తెర కట్టి, ఇంద్రజ కోసం ఒక పక్క కిటికీకి మాత్రం తలంత కన్నం ఉంచి, దానికి ఎండని ఆపే ముదురు రంగు అద్దం బిగించారు. అందులోంచి సముద్రం చూడాలి, అంతే, కిందకి దిగకూడదు. ఇది గురుప్రసాద్ చేసిన ఏర్పాటు. బయల్దేరే ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం మాత్రం ఇంద్రజ పట్టుదల.

నిమ్మకాయలు ఏ మాత్రం పనిచేశాయో వినండి. ఉత్తరానికి రోడ్డెక్కగానే అలమర తలుపు ఊడి పులిహోర గిన్నె నేల మీద బోర్లా పడింది. మరి కాస్త దూరం పోయాక నీళ్ళ ట్యాంకు మూత ఎగిరిపోయి, వెనకాల వస్తున్న కార్లవాళ్ళు హారన్లు కొట్టి మరీ చెప్పారు. ఒక చోట టీకి ఆగితే, బ్రేకు సరిగ్గా పడక ఇల్లు దానంతటది నాలుగడుగులు నడిచి చెత్తడబ్బాని గుద్దింది. లోపల ఇంద్రజ పడీపడీ నవ్వింది. ఆ నవ్వు విని చాన్నాళ్ళయిందని గురుప్రసాద్‌కి అప్పుడే తట్టింది.

ఉత్తరాన చివరి ఊరు అల్ రువైస్ ఇంకా కాస్త దూరం ఉందనగా, ఎడమపక్కన నీలంగా ఒక గీత కనబడింది. రోడ్డుకీ ఆ నీలానికీ మధ్య తెల్లగా, చదునుగా, పైన బీటలు వారిన నేల.

"ఇటు దింపు ఉబైద్. ఒడ్డు దాకా పోదాం."

"గట్ల పోదు సార్. అది సబ్ఖా, ఉప్పు నేల. పైన అప్పడం, కింద బురద."

"బీటలు వారిందయ్యా! కనబడట్లా? మా కోనసీమలో చెరువు ఎండి బీటలు వారితే ఎడ్లబళ్ళు తోలతారు దాని మీద. బీట వారిన నేలంత గట్టిది ఇంకోటి లేదు."

గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాడికి నేల సంగతి ఎవడో చెప్పాలా అన్నది అతని ధీమా. కానీ కోనసీమలో నేల పైనుంచి కిందకి ఎండుతుంది, ఇక్కడ సముద్రం కిందనుంచి ఊరుతూ ఉంటుంది. ఉబైద్ ఇంకోసారి చెప్పి చూశాడు. చెప్పింది చేయడం డ్యూటీ కాబట్టి దింపాడు. సగం దూరంలో అప్పడం విరిగింది. ఇల్లు వెనక చక్రాల మీద చతికిలబడి, ఇరుసు దాకా దిగబడింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఏసీ కూడా ఓసారి దగ్గి ఆగిపోయింది.

నడినెత్తిన సూర్యుడు. ఏప్రిల్ నెలాఖరు. కాసేపటికే లోపల పెనం కాలినట్టు కాలింది. తలుపు తీస్తే ఎండ, తీయకపోతే ఉడుకు. ఇంద్రజ తడిగుడ్డ మొహం మీద వేసుకుని మంచం మీద పడుకుంది. ఫోన్లో దొరికిన, దిగబడ్డ బండ్లు లాగే రికవరీవాడు సాయంత్రానికి గానీ రాలేనన్నాడు. గురుప్రసాద్ ఇంకో తడిగుడ్డ పిండి తెచ్చాడు. తొమ్మిదేళ్ళు సూదిమొనంత వెలుగుని ఆపినవాడు, తీసుకొచ్చి ఆమెని పొయ్యిలో పెట్టాడు.

అప్పుడొచ్చింది రాబియా. ఒడ్డు వైపునుంచి రెండు గాడిదలు తోలుకుని, నల్లటి అబాయా అంచు నడుముకి దోపుకుని, చెప్పుల్లేకుండా ఉప్పు మీద నడుచుకుంటూ వచ్చింది. అరవై దాటి ఉంటుంది. బండి చుట్టూ తిరిగి చూసి, ఉబైద్‌తో ఏదో అని నవ్వింది.

"ఏమంటోంది?"

"ఇల్లు కట్టుకునేతందుకు జాగ మంచిగ దొరికిందా అని అడుగుతున్నది సార్."

ఒడ్డునే వాళ్ళ ఊరు ఉంది. ఊరంటే పగడపు రాయీ మట్టీ కలిపి కట్టిన పది గోడలు, ఒక మసీదు, ఒక బావి. ఒకప్పుడు ముత్యాల కోసం మునిగిన కుటుంబాలవి. తక్కినవాళ్ళంతా దోహా పక్కనున్న ముఐథర్ వెళ్ళి చల్లటి ఇళ్ళల్లో స్థిరపడ్డా, వీళ్ళు మాత్రం కదల్లేదు. మోటారు ముట్టరు, కరెంటు తీగ రానివ్వరు.

తెర వెనకనుంచి ఇంద్రజ గొంతు నీరసంగా వినబడింది. "అమెరికాలో ఆమిష్ వాళ్ళని ఉన్నారండీ. గుర్రబ్బళ్ళ మీదే తిరుగుతారు. క్లాసులో చెప్పేదాన్ని. మనకి ఇక్కడే ఉన్నారన్నమాట."

"పొద్దు తిరిగినంక చాపలేసి, గాడిదల్ని కట్టి గుంజుతరట. అందాక ఇంటికి రమ్మంటున్నది," అన్నాడు ఉబైద్.

"ఎలా వస్తుందయ్యా? ఎండ తగలకూడదని చెప్పు."

ఉబైద్ చెప్పాడు. రాబియా తలూపి వెనక్కి తిరిగింది. కాసేపటికి చంకలో మడతపెట్టిన నీడ ఒకటి పట్టుకొచ్చింది. ముదురు రంగుది, అంచులు కొద్దిగా పీలికలయ్యాయి. దులిపి, తలుపు ముందునుంచి పరిచి, ఒక కొస ఇంద్రజ తల మీదుగా కప్పింది.

"పాతది మేడం," అన్నాడు ఉబైద్. "వీళ్ళ తాత పడవ తెరచాప నీడ. పడవ ఎప్పుడో చెక్కలైపోయింది. సూడుండ్రి, ఎంత చల్లగున్నదో!"

ఇంద్రజ చేత్తో తడిమి చూసి, "మంచి నేత" అంది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లు దిగింది. గురుప్రసాద్ గొడుగు పట్టుకుని వెనకే పరిగెత్తాడు గానీ, గొడుగుతో పనిలేకపోయింది. ఆమె తలెత్తి నడిచింది. రాబియా ఇంటికి కాదు, తిన్నగా ఒడ్డుకి.

నీళ్ళు మొదట పచ్చగా, ఆ పైన నీలంగా, ఎక్కడో దూరాన తెల్లగా ఉన్నాయి. ఇంద్రజ మోకాలి లోతు దాకా దిగింది. ఒక గవ్వ తీసి చూసింది, మళ్ళీ నీళ్ళలోనే వేసింది. తర్వాత ఏడ్చింది. సంతోషానికే ఏడ్చింది. గురుప్రసాద్ కూడా ఏడ్చాడు గానీ అతనిది సంతోషం కాదు, ఇది మళ్ళీ ఉండదని తెలిసి.

మధ్యాహ్నం రాబియా ఇంట్లో చేపా అన్నం పెట్టారు. పెద్ద పళ్ళెం చుట్టూ అందరూ కూర్చున్నారు. రాబియా, ఆమె మొగుడు, కొడుకు, నెలలు నిండుతున్న కోడలు, ఇంకో ముసలి జంట. అన్నం తిన్నాక ఇంద్రజ గోడ వారన ఉన్న టేకు సందూకు కేసి చూసింది. ఇత్తడి మేకులు కొట్టిన పెద్ద సందూకు, మూత తెరిచే ఉంది. లోపల ఏమీ లేదు.

"నీడలన్నీ ఎక్కడ పెడతారు?" అని అడిగింది.

ఉబైద్ అడిగి, జవాబు విని చెప్పాడు. "గంతే మేడం. మీ మీద కప్పిందే ఆఖరిది. నీడ గూడ బట్టనే గదా, వాడితే అరుగుతది. మసీదు గోడది అరిగింది, రేగుచెట్టుది అరిగింది. ఎండలు ముదిరినయి, జల్ది అరుగుతున్నయి. ఇది పోతే ఈళ్ళు గూడ ముఐథర్ పోవుడే. ముసలోళ్ళేమో ఆడ బతకమంటున్నరు."

"ఉన్న ఒక్కటీ నాకు కప్పిందా?"

"మెహమాన్ కదా మేడం మీరు, ఇంటికొచ్చిన సుట్టం."

ఇంద్రజ తన మీది నీడ పీలికల అంచుని వేళ్ళతో సర్దింది. గురుప్రసాద్‌కి ఆమె సంగతి తెలుసు. పక్కింటివాళ్ళు కూర పంపితే ఆ గిన్నె ఆమె ఎన్నడూ ఖాళీగా తిరిగి ఇవ్వలేదు, ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి ఇచ్చేది. ఇప్పుడు ఇద్దామంటే పులిహోర నేలపాలైంది, లడ్డూలు ఎండకి కరిగిపోయాయి. అయినా ఆమె ఆలోచిస్తున్నది లడ్డూల గురించి కాదని అతనికి అప్పటికింకా తెలియదు.

"కొత్త నీడ ఎలా చేస్తారో అడుగు, ఉబైద్."

మనిషి నిలబడాలట. పొద్దు వాలాక చదివే అసర్ నమాజు వేళ నుంచి పొద్దుగూకే దాకా, కప్పుకోకుండా, కదలకుండా. నీడ బాగా పొడుగయ్యాక మడమల దగ్గర ఊడదీసి మడతపెడతారట. ఒక మనిషి ఒక్కసారే ఇవ్వగలడు. ఆ తర్వాత ఏమవుతుందంటే, ఏమీ అవదు, కాస్త తొందరగా అలిసిపోతారు. ఊళ్ళో అందరూ ఎప్పుడో ఇచ్చేశారు. గురుప్రసాద్ వాకిట్లోకి చూశాడు. రాబియా కొడుకు ఎండలో గాడిదలకి నీళ్ళు పెడుతున్నాడు. గాడిదల నీడ ఉంది, అతనిది లేదు.

"నేను నిలబడతాను," అంది ఇంద్రజ.

"ఇంద్రా, మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"ఉండే."

"నేను నిలబడతాను. నాది తీసుకోమను."

రాబియా అతన్ని గుమ్మం దాకా తీసుకెళ్ళి, ఎండలో అతని నీడని బొటనవేలితో రుద్ది చూసింది. పెదవి విరిచింది. ఇరవయ్యేళ్ళు సైట్ల మీద తిరిగి తిరిగి నలిగిపోయిన నీడ అది, ఒక్క ఉతుక్కి ఆగదు. తర్వాత ఇంద్రజ వైపు తిరిగి, బీరువాలోంచి తీసిన కొత్త కోకని చూసినట్టు చూసింది. తొమ్మిదేళ్ళుగా ఎండ చూడని మనిషి. నీడ వాడనే లేదు.

"వద్దు," అన్నాడు గురుప్రసాద్. గొంతు పెరిగింది. "టేపు ముక్క ఊడితే నేను అర్ధరాత్రి లేచి అతికించాను. ఇన్నేళ్ళు కాపాడింది ఇందుకా? ఒక్క సాయంత్రం అలా నిలబడితే ఏమవుతుందో నీకు తెలీదా?"

"తెలుసండీ. నిలబడకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. మీకూ తెలుసు." ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "మీరు నన్ను బాగా చూసుకున్నారు. బాగా దాచారు కూడా. దాచినదేదైనా వాడుకోవడానికే కదా. నన్ను అలమరలో పెట్టి పోనివ్వకండి."

గురుప్రసాద్ చెయ్యి లాక్కున్నాడు. అతనికి కోపమే మిగిలింది. గొడుగు విసిరేసి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

అసర్ బాంగు వినబడింది. మైకు లేని పిలుపు, రాబియా మొగుడి గొంతు. ఇంద్రజ వాకిలి మధ్యకి వెళ్ళి, సముద్రం వైపు మొహం పెట్టి నిలబడింది. జడ ముందుకి వేసుకుంది, మళ్ళీ ఏమనుకుందో వెనక్కి వేసింది. ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుంది, క్లాసులో పిల్లలు అల్లరి చేస్తే నిలబడేదే ఆ తీరు. గురుప్రసాద్ చూడకూడదనుకున్నాడు. చూస్తూనే ఉన్నాడు. బుగ్గలు ఎర్రబడ్డాయి, మెడ పొంగింది, పెదవులు చిట్లాయి. ఆమె కదల్లేదు. వెనకాల నీడ మాత్రం నల్లగా, చిక్కగా సాగుతూ వాకిలి దాటి, బావి దాటి, మసీదు మెట్ల దాకా పాకింది. అంత పొడుగు నీడ ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

పొద్దు నీళ్ళకి తగులుతుండగా రాబియా వంగి మడమల దగ్గర ఊడదీసింది. కోడలు ఒక కొస పట్టుకుంది, తడి దుప్పటి మడిచినట్టు ఇద్దరూ మడిచారు. దాన్ని సందూకులో పెట్టి మూత వేశారు.

చాపలు పరిచి, గాడిదల్ని కట్టి, అందరూ తోసి బండిని రోడ్డెక్కించారు. దోహా వెళ్ళేదాకా గురుప్రసాద్ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ప్రయాణమంతా ఆమె జ్వరంతో మూలుగుతూనే, ఒకసారి అతన్ని పిలిచింది. "ఏవండీ, నీళ్ళు పచ్చగా ఉన్నాయి కదూ?" అంది. అతను అవునని కూడా అనలేదు. ఆ అనకపోవడం ఇప్పటికీ అతన్ని తింటూనే ఉంది.

ఆస్పత్రిలో చేర్చాడు. డయాలసిస్ మొదలుపెట్టారు. ఒంట్లో వాపు దిగలేదు. జులైలో, బయట గాలి కూడా కాలుతున్న ఒక మధ్యాహ్నం ఇంద్రజ పోయింది. జబ్బు ముదిరింది, ఎలాగూ ఆగేది కాదు అన్నారు డాక్టర్లు. గురుప్రసాద్ ఆ మాట నమ్మాడు, నమ్మలేదు కూడా.

ఆగస్టులో అతను ఉద్యోగం వదిలేశాడు. కిటికీలకి టేపు పీకేస్తే ఆ ఇంట్లో పడిన వెలుతురుని భరించలేకపోయాడు. తిరుగు ప్రయాణం టికెట్టు కొనుక్కున్నాడు. విమానం ఎక్కాల్సిన రోజు పొద్దున్నే ఉబైద్‌కి ఫోన్ చేసి, పికప్ తీసుకురమ్మన్నాడు.

"ఎటు సార్?"

"ఆ ఊరికి. ఇంద్రజ నీడ తీసుకుని వచ్చేస్తా. వాళ్ళకి కావాలంటే జనరేటర్ కొనిపెడతాను, ఏమైనా ఇస్తాను. అది నాది."

ఉబైద్ పికప్ తెచ్చాడు. రోడ్డు పక్కన బండి ఆపి, ఇద్దరూ ఉప్పు మీద నడిచి వెళ్ళారు. ఎండకి ఒడ్డు మీద కాకి కూడా లేదు. ముందుగా కనబడింది నీడే. నాలుగు గుంజల మీద కట్టారు, వాకిలంతా పరుచుకుంది. తల, వెనక్కి వేసిన జడ, నడుము మీద చెయ్యి, ఆ చేతికీ ఒంటికీ మధ్య వెలుతురు సందు, అంతా ఆమే. కాస్త పలచబడింది, మెడ దగ్గర దారాలు కనబడుతున్నాయి. కింద ఊరంతా ఉంది. ముసలి జంట పడుకున్నారు, రాబియా చేపలు శుభ్రం చేస్తోంది, మేకలు నెమరేస్తున్నాయి. సరిగ్గా గుండె ఉండాల్సిన చోట, చాప మీద, కోడలు కన్న నెలల పిల్ల కాళ్ళు ఆడిస్తోంది.

గురుప్రసాద్ తను వచ్చిన పని చెప్పాడు. ఉబైద్ దాన్ని అరబ్బీలోకి మార్చడానికి చాలా సమయం తీసుకున్నాడు.

రాబియా చేతులు కడుక్కుని లేచింది. "నీదే, తీసుకెళ్ళు అంటున్నది సార్," అన్నాడు ఉబైద్ నేల చూస్తూ. "ఆ తల్లి గిన్ని దినాలు నీడ ఇచ్చింది, చాలు అంటున్నది. ఇగ ఈళ్ళు గూడ పోయేతందుకు రేపు ముఐథర్‌కి కబురు వంపుతరట."

గురుప్రసాద్ ఒక గుంజ దగ్గరికి వెళ్ళి కొస విప్పాడు. చేతికి చల్లగా తగిలింది. అంతే, ఎండ ఆ సందులోంచి కత్తిలా లోపలికి దిగి, చాప మీద పిల్ల మొహాన పడింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. బుగ్గ ఎర్రబడింది.

అతని చేతులకి ఒక్కటే పని తెలుసు. మొహం మీద పడే ఎండని ఆపడం. ఆలోచించే లోపే ఆ కొస లాగి, గుంజకి మళ్ళీ బిగించి కట్టేశాడు. ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. పిల్ల ఏడుపు మానింది.

"ఎన్నాళ్ళు ఆగుతుందిది?" అని అడిగాడు.

"ఈ ఎండకాలం దాటుతదట. వచ్చేటిది సగం. మనిషి మనిషి కూసున్న కొద్ది అరుగుతది గదా సార్."

అతను ఎండలోకి జరిగి నిలబడ్డాడు. ఒక్క మనిషి తక్కువైతే ఒక్కరోజైనా ఎక్కువ ఉంటుంది. ఉబైద్ పిలిచాడు, రాలేదు. చెమట కళ్ళలోకి దిగింది. విమానం సంగతి ఉబైద్ గుర్తుచేసినా కదల్లేదు. చివరికి రాబియా వచ్చి, చిన్నపిల్లవాణ్ణి లాగినట్టు చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. ఆమె అన్న మాటని ఈసారి ఉబైద్ తెలుగులోకి మార్చనక్కర్లేకపోయింది.

ముసలాళ్ళు జరిగారు. మేకని అవతలికి తోలారు. నడుము మీద చెయ్యి ఉన్న చోట కాస్త జాగా అయింది. గురుప్రసాద్ చెప్పులు విడిచి, తల వంచి లోపలికి వెళ్ళాడు. తను కూర్చుంటే ఇంద్రజ అరుగుతుందని తెలుసు. తెలిసే కూర్చున్నాడు.